డిసెంబరు కానుక, ఆషాఢపు ఆకలి: ఉత్తరాంధ్ర చర్చిల్లో పండుగ సొమ్ము పేదల దాకా చేరే దారి

సంక్షిప్తంగా

చర్చిల్లో పండుగ రోజున పట్టే కానుకలన్నీ పేదలకు వెళ్లవు. ఏ కానుక ఎవరికన్నది ముందే నిర్ణయమై ఉంటుంది. ప్రకటనలో ఆ మాట స్పష్టంగా చెప్పకపోవడం వల్లే అనుమానాలు పుడతాయి. ఇక పేదల కోసమే పట్టిన కానుకలో పెద్ద చిక్కు కాలానిది. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతంలో సొమ్ము ధాన్యం ఇంటికొచ్చే డిసెంబరు, జనవరి నెలల్లో పోగవుతుంది. చేతిలో పైసా ఆడని రోజులు ఏప్రిల్ నుంచి అక్టోబరు మధ్య వస్తాయి. ఈ ఎడం దాటించే ఏర్పాటు ఉన్న సంఘంలో చిన్న కానుక కూడా పని చేస్తుంది. లేనిచోట పెద్ద కానుక సైతం డిసెంబరు 25 సాయంత్రానికే కేకులుగా, దుప్పట్లుగా కరిగిపోతుంది.

ఒకే సంచి, వేర్వేరు గమ్యాలు

క్రిస్మస్ ఆరాధనలో కానుక సంచి వరుసల మధ్య తిరుగుతుంది. అందులో నోటు వేసినవారిలో కొందరు అది పేదలకు వెళ్తుందనుకుంటారు, కొందరు పాస్టరుగారికనుకుంటారు, మరికొందరు గుడి స్లాబుకనుకుంటారు. సంఘాన్ని బట్టి వీటిలో ఏదైనా నిజం కావచ్చు.

సంఘాల్లో కానుకలు స్థూలంగా నాలుగు రకాలు. వారం వారం పట్టేది సాధారణ కానుక. ఆదాయంలో పదో వంతు ఇచ్చేది దశమభాగం. పుట్టినరోజు, ఉద్యోగం, జబ్బు నయమవడం వంటి సందర్భాల్లో ఇచ్చేది కృతజ్ఞతార్పణ. ఒక పనికి పేరు పెట్టి పట్టేది ప్రత్యేక కానుక. మొదటి మూడూ సాధారణ నిధిలో కలుస్తాయి. పాస్టరు జీతం, కరెంటు బిల్లు, మైకుసెట్టు మరమ్మతు అక్కడినుంచే జరుగుతాయి. నాలుగోది ఒక్కటే పేరు పెట్టిన పనికి కట్టుబడి ఉంటుంది. పండుగ నాడు సంచి రెండుసార్లు తిరిగితే, సాధారణంగా మొదటిది సాధారణ కానుక, రెండోది ప్రత్యేక కానుక. ఒక్కసారే తిరిగితే అడిగి తెలుసుకోవలసిందే.

కతోలిక విచారణల్లో (ఒక్కో చర్చి పరిధిలోని స్థానిక సంఘాల్లో) ఇది ముందే రాసిపెట్టి ఉంటుంది. ఈస్టర్‌కు ముందు వచ్చే తపస్సు కాలంలో కతోలిక సేవా సంస్థ కారితాస్ ఇండియా పిలుపుతో పోగు చేసేది ఆకలి, వ్యాధుల మీద పనికి వెళ్తుంది. మంచి శుక్రవారం (గుడ్ ఫ్రైడే) కానుక మాత్రం సంప్రదాయంగా యెరూషలేము చుట్టూ ఉన్న పుణ్యస్థలాలకు, అక్కడి క్రైస్తవులకు చేరుతుంది. అక్టోబరులో చివరి నుంచి రెండో ఆదివారం పట్టేది ప్రపంచ వేదవ్యాపక పనికి. నవంబరులో పేదల దినం అన్నది పోప్ ఫ్రాన్సిస్ ఏర్పాటు చేసినది, 2017 నుంచి జరుగుతోంది. అంటే మంచి శుక్రవారం నాడు పక్కింటి ఒంటరి మహిళకు చేరుతుందనుకుని వేసిన నూరు రూపాయలు ఆమెకు చేరకపోవడంలో మోసమేమీ లేదు, ఆ కానుక ఆమె కోసం పట్టింది కాదు.

అమెరికాలోని ప్రెస్బిటీరియన్ సంఘాల పద్ధతి ఇక్కడివారికి పనికొచ్చే పోలిక. పెంతెకోస్తు పండుగ కానుకలో 40 శాతం, అక్టోబరులో పట్టే శాంతి కానుకలో 25 శాతం స్థానిక సంఘమే ఆ పనికి ఉంచుకోవచ్చని అక్కడ ముందే చెబుతారు. మిగిలింది పైకి వెళ్తుంది. ఈ నిష్పత్తి ఎంత ఉండాలన్నది వాదించుకోదగిన విషయమే. ముందే చెప్పడం మాత్రం వాదన లేని మంచి పద్ధతి. కానుక ప్రకటనలో మూడు వాక్యాలుంటే చాలు: ఎవరి కోసం, ఇక్కడ ఎంత ఉంటుంది పైకి ఎంత వెళ్తుంది, అనుకున్న పని అయ్యాక మిగిలితే ఏం చేస్తారు. మూడోది దాదాపు అందరూ మరచిపోతారు. తగాదాలు సరిగ్గా అక్కడే మొదలవుతాయి.

గుప్పెడు బియ్యం నుంచి క్యూఆర్ కోడు దాకా

1805లో లండన్ మిషనరీ సొసైటీ విశాఖపట్నం చేరింది. 1874లో కాకినాడలో పని మొదలుపెట్టిన కెనడియన్ బాప్టిస్టులు తరువాతి కాలంలో బొబ్బిలి, విజయనగరం, శ్రీకాకుళం, టెక్కలి, సోంపేటల దాకా విస్తరించారు. సాలూరు వైపు జర్మనీ నుంచి లూథరన్లు వచ్చారు. కతోలికులకు శ్రీకాకుళం మేత్రాసనం (బిషప్పు పాలనలోని ప్రాంతం) 1993 జులై 1న విశాఖపట్నం నుంచి విడివడి ఏర్పడింది. శాఖలు ఎన్నైనా పల్లె సంఘంలో కానుక రూపం ఒకటే: ధాన్యం, కోడి, కొబ్బరికాయ, గుమ్మడికాయ. నగదు చేతిలో ఆడేది తక్కువ కనుక పండినదే కానుకయ్యేది.

స్త్రీల సమాజాలు నడిపిన గుప్పెడు బియ్యం పద్ధతి దీనికి మెరుగైన రూపం. ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక గుప్పెడు తీసి వేరే డబ్బాలో వేస్తారు. ఆదివారం ఆ డబ్బా గుడికి వస్తుంది. గుప్పెడు సుమారు 50 గ్రాములనుకుంటే పూటకొక గుప్పెడు చొప్పున ఒక ఇంటి నుంచి నెలకు 3 కిలోలు. 60 ఇళ్ల సంఘంలో నెలకు 180 కిలోలు. మిజోరంలో ఇదే పద్ధతి 1910లో మొదలై నేటికీ అక్కడి చర్చిలకు ప్రధాన ఆధారాల్లో ఒకటిగా నిలిచింది. ఉత్తరాంధ్ర పట్టణ సంఘాల్లో దాని చోటును కవర్లు, ఆ తరువాత క్యూఆర్ కోడ్లు తీసుకున్నాయి. సౌకర్యం పెరిగింది. పోయిందేమిటంటే, గుప్పెడు బియ్యం పన్నెండు నెలలూ వచ్చేది, క్యూఆర్ కోడు మాత్రం పండుగ నాడే గుర్తుకొస్తుంది.

పంట చేతికొచ్చే నెల, చెయ్యి ఖాళీ అయ్యే నెల

వంశధార, నాగావళి ఆయకట్టులో ఉభాలు (వరి నాట్లు) జులై, ఆగస్టుల్లో పడతాయి. కోతలు నవంబరు, డిసెంబరులో. క్రిస్మస్ నాటికి కుప్పలు కళ్లాల్లో ఉంటాయి, కోత కూలి చేతికి అంది ఉంటుంది. హైదరాబాదు, విశాఖ, చెన్నై వెళ్లిన వలస కుటుంబాలు కొన్ని క్రిస్మస్‌కే ఇంటికొచ్చి సంక్రాంతి దాకా ఉంటాయి. ఏడాది మొత్తంలో గుడి నిండేదీ, జేబు నిండుగా ఉండేదీ ఈ మూడు వారాలే. అందుకే ప్రత్యేక కానుక అప్పుడే పెద్దది అవుతుంది. ఇందులో తప్పేమీ లేదు, ఉన్నప్పుడే కదా ఇవ్వగలిగేది.

పుచ్చుకునేవారి వైపు లెక్క వేరు. కూలి ఇంట్లో మొదటి ఇరుకు జ్యేష్ఠ, ఆషాఢాల్లో వస్తుంది. ఎండలకు పని ఉండదు, ఉభాలు ఇంకా మొదలుకావు, జూన్ 12 ప్రాంతంలో బడులు తెరుస్తారు, కౌలుకు చేసేవారికి విత్తనాల ఖర్చు మీద పడుతుంది. రెండో ఇరుకు ఉభాలు అయ్యాక, భాద్రపద, ఆశ్వయుజాల్లో. పొలం పచ్చగా ఉంటుంది, పని మాత్రం ఉండదు. సీతంపేట, గుమ్మలక్ష్మీపురం వంటి ఏజెన్సీ మండలాల్లో మలేరియా, విషజ్వరాలు ముసిరేదీ వానాకాలంలోనే. జ్వరం పది రోజుల కూలిని, ఆటో ఛార్జీని, ఉన్న కాస్త చోడిపిండిని (రాగిపిండిని) కలిపి తినేస్తుంది.

తీరంలో ఈ క్యాలెండరు మళ్లీ మారుతుంది. శ్రీకాకుళం జిల్లాకు 193 కిలోమీటర్ల తీరం ఉంది. తూర్పు తీరమంతటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు యాంత్రిక పడవల వేట నిషేధం. ఈ కాలానికి రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే సాయాన్ని 2025 ఏప్రిల్ 26న ఎచ్చెర్ల మండలం బుడగట్లపాలెంలో ₹20,000కు పెంచి ప్రారంభించారు. అది వేటకు వెళ్లేవారి పేరున వచ్చే సొమ్ము. వారు తెచ్చిన చేపలను తట్టలో పెట్టుకుని ఊళ్లు తిరిగి అమ్ముకునే ఒంటరి మహిళలకు ఆ రెండు నెలలూ సరుకే ఉండదు. ఈస్టర్ మార్చి 22కు, ఏప్రిల్ 25కు మధ్య ఎప్పుడైనా రావచ్చు. అంటే నిషేధానికి కాస్త ముందో, మొదలైన వెంటనేనో వస్తుంది. కళింగపట్నం, భావనపాడు, బారువ వంటి తీర గ్రామాల సంఘాలకు క్రిస్మస్ కన్నా ఈస్టర్ కానుకే పేదల సాయానికి సరైన సమయంలో చేతికొచ్చే సొమ్ము. జిల్లా ఉత్తర తీరాన తోటల ప్రాంతమైన ఉద్దానంలో జీడిపిక్కల దిగుబడి కూడా మార్చి నుంచి మే దాకా ఉంటుంది కనుక ఇచ్చేవారికీ అది అనువైన కాలం. ఈస్టర్ కానుకను గుడి రంగులకు, క్రిస్మస్ కానుకను పేదలకు కేటాయించే అలవాటు తీర గ్రామాల్లో ఉంటే దాన్ని తిరగేయడం మంచిది.

లోపలి గ్రామాలకు పండుగ మార్చుకోవడం కుదరదు, సొమ్మును దాచడం ఒక్కటే దారి. ఇది లేఖనానికి కొత్త కాదు. ద్వితీయోపదేశకాండము 14వ అధ్యాయం చివర, మూడో ఏట పదో వంతు పంటను ఊరి గుమ్మాలలోనే నిలవచేసి పరదేశికి, తండ్రిలేనివారికి, విధవరాండ్రకు పెట్టమంటుంది. ఆ మాటలో నిలవచేయడం అన్నదే ఇక్కడ ముఖ్యం.

నగదు దాచడానికి సులువైన పద్ధతి చిన్న ఫిక్స్‌డ్ డిపాజిట్. జనవరి 5న 150 రోజులకు వేస్తే జూన్ 4న చేతికొస్తుంది, బడి తెరవడానికి వారం ముందు. పొదుపు ఖాతాలోనే వదిలేస్తే ఏమవుతుందంటే, ఫిబ్రవరిలో ప్రహరీ గోడ కూలుతుంది, ‘తరువాత వేసేద్దాం’ అని తీస్తారు, తరువాత వేయరు. గడువు ముందు తీయాలంటే ఇద్దరు ముగ్గురు సంతకాలు చేయవలసి రావడం ఇక్కడ కాపలా.

ధాన్యంగా వచ్చిన కానుకను ధాన్యంగానే ఉంచాలి. మర పట్టించిన బియ్యానికి రెండు మూడు నెలల్లో ముక్కపురుగు పడుతుంది. ఊక ఉన్నంతకాలం గింజకు రక్ష. తేమ 14 శాతం లోపుకు దిగేదాకా ఎండబెట్టి, నేలకు ఆనకుండా చెక్కల మీద, గోడకు జానెడు ఎడంగా పేర్చాలి. కళ్లం నుంచి నేరుగా వచ్చిన ధాన్యంలో తేమ అంతకన్నా ఎక్కువే ఉంటుంది కనుక బస్తాలు వచ్చిన రోజే మూతి కట్టి పేర్చేస్తే లోపల వేడెక్కి ముక్కిపోతుంది. ఆడించినప్పుడు క్వింటాలుకు 67 కిలోల పచ్చిబియ్యం వస్తాయని ప్రభుత్వ సేకరణ లెక్క. పల్లె మరలో నూక పోగా ఇంకాస్త తగ్గుతుంది. అమ్మి నగదు చేయాలనుకుంటే 2025-26లో సాధారణ రకానికి మద్దతు ధర క్వింటాలు ₹2,369 అన్నది గుర్తుంచుకుని బేరం ఆడాలి. పుస్తకంలో బస్తాల సంఖ్య కాకుండా కిలోలు రాయాలి. ఒక్కో ఊళ్లో బస్తా బరువు ఒక్కోలా ఉంటుంది, ఆ తేడాయే తరువాత అనుమానంగా మారుతుంది.

ఒకే తుపాను ఇద్దరినీ కొట్టినప్పుడు

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి, పనస చెట్లు నేలకూలాయి. అప్పటికి క్రిస్మస్ 75 రోజుల దూరంలో ఉంది. కానుక ఇచ్చే తోట యజమానికీ, కానుక అందుకునే కూలికీ ఒకే రాత్రి ఆదాయం పోయింది. కొబ్బరి మొక్క మళ్లీ కాపుకు రావడానికి ఐదారేళ్లు పడుతుంది కనుక ఆ దెబ్బ ఒక్క పండుగతో తీరేది కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ, విజయనగరం వైపు ఇదే చేసింది. 2021 సెప్టెంబరులో గులాబ్ కళింగపట్నం దగ్గర తీరం దాటింది. ఈ ప్రాంతంలో తుపాను కాలం సరిగ్గా క్రిస్మస్‌కు ముందే ఉంటుంది.

ఊరి కానుక ఊరి పేదకు అన్న పద్ధతి మామూలు రోజుల్లో బాగుంటుంది. ఎవరు ఎలా ఉన్నారో అందరికీ తెలుసు, మధ్యలో ఖర్చు ఉండదు. కానీ అందరికీ ఒకేసారి కష్టం వచ్చినప్పుడు అది చేతులెత్తేస్తుంది. అప్పుడు పనికొచ్చేది దూరపు సంఘం సొమ్ము. బైబిల్లోని అపొస్తలుడు పౌలు కాలంలో జరిగింది ఇదే. యెరూషలేములోని పేదల కోసం మాసిదోనియ, అకయ ప్రాంతాల సంఘాలు చందా వేశాయి. పైగా కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 16వ అధ్యాయంలో, తాను వచ్చినప్పుడు హడావుడిగా పోగుచేయవద్దని, ప్రతి ఆదివారం ఎవరికివారు కొంత పక్కన పెట్టాలని ఆయన ముందుగానే చెప్పాడు.

దీన్ని నేటి భాషలోకి తెస్తే, క్రిస్మస్ కానుకలో ఒక భాగం తప్పనిసరిగా పై స్థాయి నిధికి వెళ్లాలి: బాప్టిస్టుల్లో అసోసియేషన్, కతోలికుల్లో మేత్రాసనం, స్వతంత్ర సంఘాల్లో పాస్టర్ల సహవాసం. ఉదాహరణకు ఒక సంఘానికి లక్ష రూపాయలు వచ్చాయనుకుందాం. 35,000 అప్పటికప్పుడు పంచడానికి, 35,000 జూన్ డిపాజిట్‌కు, 15,000 ఏడాది పొడవునా ఆసుపత్రి ప్రయాణాలకు, 15,000 పై నిధికి. ఈ అంకెలు ఊరిని బట్టి మారవచ్చు. సున్నా కాకూడనిది చివరిది. పాలకొండ సంఘం దాచింది మందసకు, మందస దాచింది పాలకొండకు అక్కరకొస్తుంది, రెండు చోట్లా ఒకే ఏడు గాలి కొట్టడం అరుదు.

కిట్టులో ఏముంటే మేలు

పండుగ కిట్టు అనగానే 10 కిలోల బియ్యం అనుకోవడం పాత అలవాటు. ఇప్పుడు బియ్యం కార్డు ఉన్న ఇంట్లో మనిషికి నెలకు 5 కిలోలు, అంత్యోదయ కుటుంబానికి 35 కిలోలు ఉచితంగా వస్తున్నాయి. కార్డులో పేరు లేనివారికి, వేలిముద్ర పడక సరుకు ఆగిపోయిన ముసలివారికి బియ్యం నిజంగా కావాలి. మిగిలినవారికి కావలసింది కందిపప్పు, నూనె, బెల్లం, సబ్బులు, మందులు. గతంలో రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చిన చంద్రన్న క్రిస్మస్ కానుకలో కూడా బియ్యం పెట్టలేదు. గోధుమపిండి, కందిపప్పు, శనగపప్పు, బెల్లం, పామాయిల్, నెయ్యి పెట్టారు. కిట్టు కట్టేవారు ముందు రేషనులో ఏమొస్తుందో చూసుకుని, అందులో లేనిది పెట్టాలి.

ఉద్దానం విషయంలో మరింత జాగ్రత్త కావాలి. కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో మూత్రపిండాల జబ్బు ఇంటింటి మాట. డయాలసిస్ చేయించుకునేవారు పొటాషియం ఎక్కువున్న కొబ్బరినీళ్లు, అరటిపండ్లు, ఎండుద్రాక్ష, ఖర్జూరం దూరం పెట్టాలి. ఉప్పు తగ్గించాలి, తాగే నీరు కూడా కొలిచి తాగాలి. పండుగ బుట్టలో ప్రేమతో పెట్టే కొబ్బరికాయలు, అరటి గెల, ఎండుపండ్ల కేకు, ఆవకాయ సీసా సరిగ్గా వారు తినకూడనివే. డయాలసిస్ మొదలయ్యాక మాంసకృత్తుల అవసరం పెరుగుతుంది కనుక, డాక్టరు చెప్పిన మోతాదులో గుడ్లు ఇవ్వడం ఎంతో నయం.

వారికి అసలు భారం ప్రయాణం. చికిత్స ప్రభుత్వ పథకం కింద ఉచితం, నెలకు ₹10,000 పింఛను కూడా వస్తుంది. అయినా వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్ కేంద్రానికి వెళ్లి రావాలి, వెంట ఒక మనిషి రావాలి. వారానికి మూడుసార్లయితే నెలకు 12, 13 రాకపోకలు. వెంట వచ్చే మనిషి కూలి అన్నిసార్లు పోతుంది. ఒక ఆటోను నెలవారీగా మాట్లాడి, ఒకే దారిలో ఉన్న ముగ్గురు నలుగురిని కలిపి తీసుకెళ్లే ఏర్పాటుకు సంఘం డబ్బు కడితే, కిట్టు కన్నా అది ఎన్నో రెట్లు మేలు చేస్తుంది. ఆ డబ్బు ఆటో అతనికి నేరుగా ఇవ్వాలి, ట్రిప్పుల లెక్క పుస్తకం ఆటోలోనే ఉండాలి.

దుప్పట్ల సంగతి వేరు. ఏజెన్సీలో డిసెంబరు, జనవరి రాత్రులు చలి గట్టిగా ఉంటుంది కనుక ఇచ్చే నెల, కావలసిన నెల కలిసే వస్తువు ఇదొక్కటే. కాకపోతే అన్ని సంఘాలూ, క్లబ్బులూ ఒకే వారంలో ఇవే పంచుతాయి. రోడ్డు పక్క ఊళ్లో ఒకే ముసలమ్మకు నాలుగు దుప్పట్లు, కొండ మీద గూడెంలో ఎవరికీ ఒక్కటి లేదు. నవంబరు చివర మండలంలోని సంఘాల వారు ఒక గంట కూర్చుని ఊళ్లు పంచుకుంటే ఈ వృథా ఆగుతుంది.

కోతకాలపు పండుగ వేలం

వరి కోతల తరువాత జరిగే కోతకాలపు పండుగలో తెచ్చిన పంటను ఆరాధన అయ్యాక వేలం వేస్తారు. బజారులో ముప్పై రూపాయల సొరకాయ మూడు వందలకు పాడతారు. ఆ పై రెండు వందల డెబ్బై నిజానికి కానుకే, వేలం దాన్ని ఉత్సాహంగా మారుస్తుంది. చిక్కేమిటంటే పాట పాడిన ఉత్సాహం డబ్బు కట్టేనాటికి ఉండదు. పుస్తకంలో ‘పాడిన మొత్తం’ ఒక్కటే రాసి, దాన్నే వచ్చిన మొత్తంగా ప్రకటించే సంఘాలకు మార్చి నాటికి లెక్క తేలదు. పాడినది, కట్టినది, బాకీ అని మూడు గడులుండాలి. పేదల సాయానికి కట్టినదాన్నే లెక్కలోకి తీసుకోవాలి. ఆకుకూరలు, చేపలు, పాలు ముందు, కోళ్లు, కొబ్బరి తరువాత, ధాన్యం ఆఖరున పాడించాలి. ధాన్యం వేలంలో పెట్టకుండా నిలవకు పక్కన పెట్టడం ఇంకా మంచిది.

పేర్లు, మొత్తాలు మైకులో చదివే అలవాటు కొన్నిచోట్ల ఉంది. చదివింపుల వల్ల మొత్తం పెరుగుతుందన్నది నిజమే. ఇరవై రూపాయలు వేయగలిగినవారు ఆ రోజు గుడికే రాకుండా ఆగిపోయే ప్రమాదమూ అంతే నిజం. రసీదు ఇస్తే సరిపోయేదానికి మైకు అక్కర్లేదు.

లెక్కింపు: ఆరాధన తరువాత అరగంట

సొమ్ము పోయేది ఎక్కువగా దొంగతనం వల్ల కాదు, రెండు లెక్కలు కలవకపోవడం వల్ల. ఒకే ఇంటివారు కాని ముగ్గురు, గుడిలోనే, తలుపు తెరిచి ఉంచి లెక్కపెట్టాలి. సంచిలోదీ, కవర్లలోదీ, క్యూఆర్ ద్వారా వచ్చిందీ విడివిడిగా రాయాలి. 500, 200, 100 నోట్లు ఎన్నెన్ని అన్న చీటీ రెండు ప్రతులు రాసి ముగ్గురూ సంతకం పెట్టాలి. ఒకటి డబ్బుతో, ఒకటి పాస్టరుగారి దగ్గర. లెక్క అయ్యేదాకా అందులోంచి ‘అర్జెంటు’ అని ఎవరికీ తీసి ఇవ్వకూడదు. ఇంత పెద్ద ధర్మం విషయంలో తన మీద తప్పు మోపే వీలు ఎవరికీ ఉండకూడదనే పౌలు ఆ సొమ్ము వెంట మరో ఇద్దరు సహోదరులను పంపాడు. అది నమ్మకం లేక చేసిన ఏర్పాటు కాదు.

క్రిస్మస్‌కు బ్యాంకు సెలవు అన్న చిన్న విషయం చాలా ఇబ్బంది పెడుతుంది. 2026లో డిసెంబరు 25 శుక్రవారం, 26 నాలుగో శనివారం, 27 ఆదివారం. సొమ్ము సోమవారం దాకా మూడు రాత్రులు బయటే ఉంటుంది. నగదు జమ యంత్రం ఉన్న పట్టణమైతే అదే రోజు వేసేయవచ్చు. పల్లెలో అయితే ఎవరింట్లో, ఏ పెట్టెలో, తాళం ఎవరి దగ్గర అన్నది ముందే తీర్మానంలో రాసుకోవాలి. తాళం ఒకరి దగ్గర, పెట్టె మరొకరి దగ్గర ఉండాలి.

క్యూఆర్ కోడు సంఘం ఖాతాదే అయి ఉండాలి. సంఘానికి రిజిస్ట్రేషను లేదని పాస్టరుగారి సొంత కోడు అతికిస్తే, కానుక ఆయన ఆదాయంలా కనిపిస్తుంది, ఆయన బదిలీ అయిన రోజు లెక్క ఆగిపోతుంది, మంచి మనిషి మీద అనవసరంగా నింద పడుతుంది. 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద సంఘాన్ని నమోదు చేసుకుని, ఉమ్మడి సంతకాల ఖాతా తెరవడం ఒక్కసారి పడే శ్రమ.

చట్టం ఎక్కడ తగులుతుంది

కానుకకు పన్ను మినహాయింపు వస్తుందా అన్నది తరచూ వచ్చే ప్రశ్న. ఆదాయపు పన్నులో 80జీగా అందరికీ తెలిసిన మినహాయింపు కేవలం ఆరాధన కోసం ఉన్న సంస్థకు రాదు. ఆ అనుమతి ఉన్న సేవా సంస్థకు ఇచ్చినా ₹2,000 దాటిన నగదుకు వర్తించదు, బియ్యం, బట్టల వంటి వస్తువులకు వర్తించదు, కొత్త పన్ను విధానం ఎంచుకున్న దాతకు అసలే వర్తించదు. పన్ను నమోదు ఉన్న సంస్థలు ఏడాది ఆదాయంలో 85 శాతం మార్చి 31లోగా ఖర్చు చేయాలన్న నియమం ఉంది. డిసెంబరు సొమ్మును జూన్ దాకా దాచాలనుకునేవారు ఈ సంగతి ముందే ఆడిటరుతో మాట్లాడుకోవాలి. లెక్క మొత్తం ఆదాయం మీద చూస్తారు కనుక చిన్న డిపాజిట్ వల్ల సాధారణంగా ఇబ్బంది రాదు.

విదేశీ సొమ్ములో గీత సన్నగా ఉంటుంది. గల్ఫ్‌లోనో సింగపూర్‌లోనో పని చేస్తున్న భారత పౌరుడు తన జీతంలోంచి బ్యాంకు ద్వారా పంపే కానుక విదేశీ విరాళం కిందికి రాదు. పాస్‌పోర్టు ప్రతి ఒకటి తీసి ఉంచుకుంటే చాలు. అదే వ్యక్తి కెనడానో అమెరికానో పౌరసత్వం తీసుకుని ఉంటే, ఇక్కడ పుట్టి పెరిగినవాడైనా, అది విదేశీ విరాళమే. దానికి ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) నమోదు, న్యూఢిల్లీ స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో ఖాతా తప్పనిసరి. 2020 సవరణ తరువాత ఒక సంస్థ అందుకున్న విదేశీ సొమ్మును మరో సంస్థకు బదలాయించకూడదు. పెద్ద సంస్థ నుంచి పల్లె సంఘాలకు పండుగ సాయం అందే పాత దారి చాలాచోట్ల మూసుకుపోవడానికి కారణం ఇదే. స్థానిక కానుక బరువు అందువల్లే పెరిగింది.

అనాథ పిల్లల హోములకు క్రిస్మస్‌కు విరివిగా ఇస్తారు. 2015 బాలల న్యాయ చట్టం కింద నమోదు లేని హోము నడపడమే నేరం. ఇచ్చే ముందు ఆ పత్రం చూపించమనడం అమర్యాద కాదు. హోము పిల్లలను వరుసగా నిలబెట్టి ఫొటో తీసి వాట్సాప్ గ్రూపుల్లో పెట్టడం కూడా అదే చట్టం ప్రకారం శిక్షించదగినది.

సరిహద్దు సంఘాలు ఇంకొకటి గమనించాలి. పాతపట్నం, ఇచ్ఛాపురం దాటితే ఒడిశా. అక్కడ 1967 నుంచి బలవంతం, ప్రలోభం, మోసంతో మతం మార్పించడాన్ని నిషేధించే చట్టం ఉంది. సాయాన్ని ప్రార్థనకు రావడంతో ముడిపెడితే అది ప్రలోభంగా కనిపిస్తుంది. చట్టం సంగతి అలా ఉంచినా, ఆకలిగా ఉన్న మనిషిని మతం అడగడం ఈ కానుక ఉద్దేశానికే విరుద్ధం. జాబితా ఫారంలో మతం గడి ఉండకూడదు.

జాబితా ఎవరు రాస్తారు

డిసెంబరు 24 రాత్రి గుర్తున్న పేర్లతో రాసిన జాబితాలో కనబడే ముసలివారు, గుడికి దగ్గరగా ఉన్నవారు, పెద్దల బంధువులు ఉంటారు. మంచం దిగలేనివారు, కొడుకు వలస వెళ్లి మనవలతో మిగిలిన అమ్మమ్మలు, కుష్ఠు మచ్చ వల్ల నలుగురిలోకి రానివారు ఉండరు. సాలూరులో కుష్ఠు రోగుల కోసం మిషన్ ఆసుపత్రి నడిచిన చరిత్ర ఉన్న ప్రాంతమిది, ఆ జబ్బు నయమైనా వేళ్లు పోయినవారు ఇంకా ఊళ్లలో ఉన్నారు. అడిగేవారి పేర్లే రాస్తే అడగలేనివారు మిగిలిపోతారు.

అందుకే జాబితా నవంబరు మొదటి వారంలో మొదలవ్వాలి. ఇద్దరిద్దరుగా, అందులో ఒక మహిళ తప్పకుండా ఉండేలా, ఇంటికి వెళ్లి చూడాలి. పింఛను వస్తోందా, బియ్యం కార్డు పని చేస్తోందా, మందుల ఖర్చెంత, ఇంట్లో సంపాదించేవారెవరు అన్న నాలుగు ప్రశ్నలు చాలు. ఆగిపోయిన పింఛనును ఊరి సచివాలయానికి వెళ్లి మళ్లీ తెప్పిస్తే వృద్ధులకు నెలకు ₹4,000 వస్తాయి. ఏ పండుగ కానుకా ఒక ఇంటికి అంత ఇవ్వలేదు. కానుకలోంచి ఆ పనికయ్యే ఖర్చు ఆటో ఛార్జీ, జిరాక్సులు.

జాబితాను గుడిలో చదవకూడదు, కిట్టును వేదిక మీద అందించకూడదు. సాయంత్రం ఇంటికి తీసుకెళ్లి ఇచ్చి, పుస్తకంలో సంతకమో వేలిముద్రో తీసుకుంటే లెక్కకు సాక్ష్యం దొరుకుతుంది. నోటీసు బోర్డు మీద పేర్లు అక్కర్లేదు: వచ్చింది ఎంత, ఎన్ని ఇళ్లకు ఇచ్చారు, డిపాజిట్‌లో ఎంత ఉంది. పుస్తకంలో చివరి గడి ‘మళ్లీ వెళ్లిన తేదీ’ అని ఉండాలి. జూన్ 4న డిపాజిట్ చేతికొచ్చినప్పుడు మొదట తెరవాల్సింది ఆ గడి ఇంకా ఖాళీగా ఉన్న పేజీలను.